కాంగ్ గారి క్రియాపదం

కాకినాడ,
జూలై 20, 2025.

ప్రతిమకు సావిత్రి వదిన దీవెనలు, వాటితో పాటు కాస్త కోపం కూడా.

మొన్న శుక్రవారం ఫోన్లో తమ్ముడు నిరంజన్ అరిచిన అరుపులకి మా పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు గానీ, నాకు మాత్రం ఒక్క ముక్క తెలియలేదు. చెవిలో మిషన్ పెట్టుకుంటే కుక్కర్ లాగా కూస్తుంది, తీసేస్తే ఏమీ వినబడదు. నువ్వేమో అన్నిటికీ "ఊఁ" అంటావు. ఆ ఊఁ అవునో కాదో ఎవరికి తెలుసు? అందుకని ఇకమీదట కాగితం మీద రాయి. పోస్టాఫీసు కౌంటర్లో జుట్టు నెరిసిపోయినదాన్ని, నాకు కాగితం మీద ఉన్నదే మాట. హిమజ ఫోనుకి మెసేజీలు పెట్టకు. అది చదివి నాకు వినిపించేలోగా సగం మింగేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెలలో హిమజని హైదరాబాదు నుంచి ఇంటికి తెచ్చేస్తున్నాను. నవంబరు మొదట్లో పురుడని డాక్టరమ్మ చెప్పింది. అల్లుడు ఓడ మీద ఉన్నాడు, కొత్త సంవత్సరానికి గానీ దిగడు. తొలి పురుడు పుట్టింట్లోనే జరగాలని నా పట్టుదల. తణుకులో మా వియ్యపురాలు కమలాదేవి అప్పుడే మొదలుపెట్టింది. "మీకు మోకాళ్ళ ఆపరేషనైంది కదా వదినగారూ, అమ్మాయిని మా ఇంటికే పంపెయ్యండి, మేం చూసుకుంటాం" అంటోంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. మీ అన్నయ్యగారు పోయాక ఈ ఇంట్లో ఏదీ సరిగ్గా జరగదని ఆవిడ అభిప్రాయం.

పురిటి పనులకి నూకరత్నాన్ని మాట్లాడి ఉంచాను. బిడ్డకి నీళ్ళు పోయడంలో దానిది మంచి చెయ్యి. కానీ ఇంటి మనిషంటూ ఒకరు ఉండాలి కదా. దసరా వెళ్ళగానే నువ్వు వచ్చేసి, బిడ్డకి మూడో నెల వచ్చేదాకా ఉండాలి. మీవాడు ఎలాగూ మణిపాల్ హాస్టల్లో చేరిపోయాడు. ఆ దోహాలో ఏసీ కింద కూర్చుని నువ్వు చేసేదేముంది? వెంటనే రాయి.

నీ వదిన,
సావిత్రి

*

అల్ అజీజియా, దోహా,
ఆగస్టు 4, 2025.

వదినగారికి ప్రతిమ నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసు పోస్టుబాక్సులోంచి మీ తమ్ముడే తెచ్చారు. "అక్క రాత చూడు, ఇంకా ముత్యాలే" అని మురిసిపోయారు. లోపలున్నది చదివాక మాత్రం "నువ్వే జవాబు రాసెయ్" అని స్నానానికి వెళ్ళిపోయారు. అప్పటికే ఒకసారి స్నానం అయింది.

ఏసీ కింద కూర్చుని చేసేదేముందని అడిగారు కదా, చెబుతాను. నాకు ఉద్యోగం వచ్చింది వదినగారూ! పెళ్ళికి ముందు కాలేజీలో రెండేళ్ళు పాఠాలు చెప్పాక మళ్ళీ ఇదే. అల్ వక్రాలో ఒక కొరియన్ నిర్మాణ కంపెనీ ఉంది. వాళ్ళ ఇంజనీర్లకి ఇంగ్లీషు నేర్పాలి. వారానికి మూడు రోజులు మెట్రో ఎక్కి, ముషెరెబ్‌లో మారి, ఆ చివరిదాకా వెళ్తాను. స్టేషన్ నుంచి ఎండలో నడిస్తే చెప్పులు అంటుకుపోతున్నాయి, అయినా హాయిగానే ఉంది.

పేరుకి ఆరుగురు. అసలు విద్యార్థి ఒక్కరే, కాంగ్ గారు. యాభై దాటిన పెద్దమనిషి, పనుల ప్లానింగంతా ఆయనదే. కంపెనీ వాళ్ళు నాకు మొదటిరోజే చెప్పారు. అక్టోబరులో కన్సల్టెంట్లతో పెద్ద మీటింగు ఉందట. దాన్ని ఆయన ఇంగ్లీషులో నెగ్గుకొస్తే ఏడాది పొడుగునా క్లాసులు నావే, లేకపోతే అక్కడితో సెలవు. అంటే నా ఉద్యోగం కాంగ్ గారి నాలుక మీద ఉందన్నమాట.

ఆ నాలుక ఒక్క క్రియాపదం దగ్గర ఆగిపోయింది. రిఫ్యూజ్. ఆయనకి అర్థం తెలియక కాదు. వాళ్ళ భాషలో దాన్ని కోజోల్ అంటారట, అదీ చెప్పారు. భూతకాలం అడిగితే చెబుతారు, స్పెల్లింగు తప్పు పోదు. వాడమంటేనే వాడరు. నేను కన్సల్టెంటు వేషం కట్టి, "స్లాబు కింద సెంట్రింగు వారం ముందే విప్పేయండి, మాకు తొందరగా ఉంది" అన్నాను. ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ ముందు కట్టుకుని, "సానుకూలంగా పరిశీలిస్తాం" అన్నారు. విప్పితే ఏమవుతుందని అడిగాను. "కూలచ్చు" అన్నారు. మరి విప్పుతారా అంటే "విప్పం" అన్నారు. అయితే ఆ మాటే చెప్పండి అన్నాను. "సానుకూలంగా పరిశీలిస్తాం" అన్నారు మళ్ళీ. పలక పగలగొట్టాలనిపించింది.

మీరు రాసిన అక్టోబరు సంగతి. హిమజ తొలి పురుడంటే మా అందరికీ పండగే కదా. ఇక్కడ సెలవులూ టిక్కెట్లూ అన్నీ చూసుకోవాలి. పక్క ఫ్లాటు శిఫా హైదరాబాదు వెళ్తోంది. ఆవిడ చేత రెండు కిలోల ఖర్జూరాలు పంపుతున్నాను, అక్కడినుంచి పార్శిల్ చేస్తానంది. హిమజని రోజూ తినమనండి, రక్తం పడుతుంది.

ప్రేమతో,
ప్రతిమ

*

కాకినాడ,
ఆగస్టు 18, 2025.

ప్రతిమకు దీవెనలు.

ఖర్జూరాలు అందాయి. హిమజ వచ్చి నాలుగు రోజులైంది, కూర్చుని కూర్చుని అరడబ్బా అవగొట్టింది. పెట్టె చూడగానే నా మనసు కుదుటపడింది. రానివాళ్ళు ఇంత ఖర్చుపెట్టి పంపరు కదా. టిక్కెట్లు ఎప్పటికి దొరికితే అప్పటికే తీసుకో.

పంతులమ్మవయ్యావా? మంచిదే, వచ్చేదాకా చెప్పు. ఆ కాంగ్ గారికి రాని మాట నేను రోజూ రాసిన మాటే. రిజిస్టరు ఉత్తరం తీసుకోనన్నవాడి కవరు మీద ఎర్రసిరాతో రిఫ్యూజ్డ్ అని రాసి, పోస్ట్‌మన్ సంతకం పెట్టించి వెనక్కి పంపేవాళ్ళం. నువ్వనుకుంటావేమో, తీసుకోనన్నవాళ్ళ మీద మాకు చిరాకుగా ఉండేదని. లేదే. వాళ్ళు మా పని తేలిక చేసేవాళ్ళు. మమ్మల్ని ఏడిపించింది తలుపు తీయనివాళ్ళు. లోపల టీవీ మోగుతూనే ఉంటుంది, పిల్లల చేత "ఇంట్లో లేరు" అనిపిస్తారు. పోస్ట్‌మన్ రోజూ ఎండలో సైకిలు తొక్కుకుంటూ పోవాలి, ఆ కవరు వారం రోజులు మా బల్ల మీద పడి ఉండాలి. పంపినవాడు అక్కడ జవాబు కోసం చూస్తూ ఉంటాడు. మీ కాంగ్ గారు తలుపు తీయని రకంలా ఉన్నాడు. ఈ మాట ఆయనకి చెప్పు.

నీకు పడుకోవడానికి మేడమీద గది సర్దిస్తున్నాను.

సావిత్రి

*

అల్ అజీజియా,
సెప్టెంబరు 1, 2025.

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పిన తలుపు సంగతి క్లాసులో చెప్పాను. అందరూ నవ్వారు. కాంగ్ గారు నవ్వి, పుస్తకంలో రాసుకున్నారు కూడా. రాసుకోవడంలో ఆయన్ని మించినవారు లేరు. తర్వాత నోరు తెరిచి ఏమన్నారో ఊహించండి. "సానుకూలంగా పరిశీలిస్తాం."

వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళు గ్లాసులో పోస్తుంటే వద్దని చెప్పడం ఉండదట. రెండు చేతులతో పట్టాలి. తాగడం ఇష్టం లేకపోతే ఉన్న ఒక్క ఉపాయం గ్లాసు ఖాళీ కాకుండా చూసుకోవడమే. నాకు మీ అత్తగారు గుర్తొచ్చారు. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేసేవారు, మనం ఏమీ అనలేక ఆ నేతి చేత్తోనే తినేవాళ్ళం.

ఇంకో తమాషా చెబుతాను. ఆయన హోంవర్కు చేయలేకపోయిన రోజున చేయలేదని చెప్పరు. జిన్సెంగ్ టీ పెట్టె ఒకటి తెచ్చి రెండు చేతులతో నా బల్ల మీద పెడతారు. మొదట్లో గురుభక్తి అనుకుని పొంగిపోయాను. ఇప్పుడు పెట్టె కనబడితే చాలు, ఒళ్ళు మండిపోతోంది. మా వంటింటి అరలో అయిదు పెట్టెలున్నాయి, మీ తమ్ముడు ఆ టీ మట్టివాసన అని ముట్టుకోరు.

నా క్లాసులో ఒక నియమం పెట్టాను. కొత్త క్రియాపదం నేర్చుకుంటే పుస్తకంలో వాక్యం చెప్పకూడదు, సొంత బతుకులోంచి ఒక వాక్యం చెప్పాలి. మొన్న కాంగ్ గారిని అదే అడిగితే పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసి, "నాకు దొరకడం లేదు. టీచరు గారు ముందు తమ వాక్యం చెబితే చూసి నేర్చుకుంటాను" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నేను మార్కరు మూత తీసి బోర్డు వైపు తిరిగాను. నేను రిఫ్యూజ్ చేశాను అని రాసి ఆగిపోయాను. ఏమిటో తోచలేదు. చివరికి కాఫీ వద్దన్నాను అని రాశాను. అది కూడా అబద్ధమే, ఆ రోజు రెండు కాఫీలు తాగాను.

అక్టోబరు గురించి మీరు తొందరపడి ఏ ఏర్పాట్లూ చేసుకోకండి. ఇక్కడి పని ఎలా తిరుగుతుందో చూసి రాస్తాను. మీ తమ్ముడి ఆఫీసులో రఫీయుద్దీన్ గారు కాకినాడ పోర్టు పని మీద వస్తున్నారు. ఆయన చేత జీడిపప్పు కూరిన ఖర్జూరాలు పంపుతున్నాను. ఇవి ఇంకా బాగుంటాయి.

ప్రతిమ

*

కాకినాడ,
సెప్టెంబరు 14, 2025.

ప్రతిమకు,

రఫీయుద్దీన్ గారు ఎంత మర్యాదస్తుడో! గుమ్మంలో నిలబడి పెట్టె ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. రెండోసారి కూడా ఖర్జూరాలు! నీకు హిమజ మీద ఎంత ప్రేముందో తెలిసి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఏర్పాట్లు చేసుకోవద్దని రాశావు. నీ మొహమాటం నాకు తెలియదా? నేనెక్కడ శ్రమపడతానో అని నీ బాధ. అయినా అన్నీ అయిపోయాయి. మేడమీద గదికి లేతాకుపచ్చ రంగు వేయించాను, కమోడు పెట్టించాను. నువ్వు వస్తున్నావని కమలాదేవికి ఫోన్ చేయించి మరీ చెప్పాను. "మా అత్త ఖతార్ నుంచి పనిగట్టుకుని వస్తోంది" అని హిమజ చేత అనిపించాను. అవతల కాసేపు మాట లేదట. నాకు ఆ మౌనం వినబడకపోయినా కడుపు నిండింది.

నూకరత్నాన్ని మానిపించేశాను. నువ్వుండగా అది ఎందుకు? దానికి జగన్నాథపురంలో ఎవరో పిలుస్తున్నారట, ఇక్కడ మాటిచ్చానని ఆగింది. వెళ్ళవే, మా మరదలు వస్తోంది అని చెప్పేశాను.

ఏ రోజు దిగుతున్నావో, ఏ విమానమో రాయి. రాజమండ్రికి కారు పంపుతాను.

సావిత్రి

*

అల్ అజీజియా,
సెప్టెంబరు 27, 2025.

వదినగారికి,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. ముందు రాసిన మూడింటిలోనూ రెండో పేరా దాటలేకపోయాను. అందుకే ముందు కాంగ్ గారి సంగతి చెబుతాను, మధ్యలో ఆపకుండా చదవండి.

వారం కిందట కన్సల్టెంటు తరఫు పెద్దమనిషి నిజంగానే సెంట్రింగు ముందే విప్పమని అడిగాడట. కాంగ్ గారు మనకి తెలిసిన మాటే అన్నారు. అని ఊరుకోలేదు, ఆ పెద్దమనిషికి జిన్సెంగ్ పెట్టె ఒకటి పంపారు. తన లెక్కలో అది మర్యాదగా వద్దని చెప్పడం. ఆ పెద్దమనిషి లెక్కలో సరేననడం. మర్నాడు ఆయన నేరుగా సైటుకి ఫోన్ చేసి, మీ సార్ ఒప్పుకున్నాడు, విప్పేయండి అని చెప్పేశాడు. క్లాసయ్యాక నన్ను పికప్‌లో స్టేషన్ దాకా దింపే భూమేష్ ఆ సైటులో ఫోర్‌మన్. జగిత్యాల మనిషి. తర్వాత జరిగింది అతని నోటనే విన్నాను.

"మేడమ్, మేము స్లాబును మోసే జాకీలు ఇప్పబట్టినం. కాంగ్ సార్ కారు దిగి సూసిండు. గంతే, సీదా వచ్చి స్లాబు కింద నిలబడ్డడు. ఒక్క మాట అనలే. అవతల ఫోన్ల ఆ పెద్దసార్ యల్లా యల్లా, జల్ది జల్ది అని ఒర్లుతుండు. కాంగ్ సార్ జరగలే. కింద మనిషి నిలబడ్డంక జాకీ ఎట్ల ఇప్పుతం మేడమ్? నేనే బంద్ పెట్టుమన్న. మా పోరగాళ్ళను కూడ ఆయన పక్కకు పొమ్మన్నడు, చెయ్యితోని. ఇప్పిన జాకీలన్నీ మళ్ళ బిగించేదాంక కదలలే."

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ కింద పనిచేసే కుర్రాళ్ళలో మన తూర్పుగోదావరి వాళ్ళు కూడా ఉన్నారు వదినగారూ. ఒక్క మాట అనలేక ఒక మనిషి తన తల అడ్డం పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు క్లాసుకి ఆయన పెట్టె తేలేదు. చొక్కా నిండా సిమెంటు దుమ్ము. కూర్చుని చాలాసేపు పుస్తకం వైపు చూసి, లేచి, "గడువుకి ముందు సెంట్రింగు విప్పడానికి నేను రిఫ్యూజ్ చేస్తున్నాను" అన్నారు. తర్వాత నావైపు చూసి, "టీచరు గారి వాక్యం కాఫీ గురించి కాదనుకుంటాను" అన్నారు. కాదు.

నేను రాను వదినగారూ.

ఆగస్టులోనే రాననుకున్నాను. మీకు చెప్పలేక సెలవులనీ టిక్కెట్లనీ రాశాను, చెప్పలేనప్పుడల్లా ఖర్జూరాలు పంపాను. ఈ ఉద్యోగం నాకు కావాలి. అక్టోబరు నుంచి జనవరి దాకా వదిలేస్తే అది మళ్ళీ రాదు. నాకు ఈ ఊళ్ళో ఇన్నేళ్ళకి వచ్చిన సొంత పని ఇదొక్కటే. హిమజ మీద ప్రేమ లేక కాదు, మీ మీద గౌరవం లేక కాదు. రాను, అంతే.

మీరు నూకరత్నాన్ని మానిపించారని చదివాక నాకు నిద్రపట్టడం లేదు. దయచేసి వెంటనే ఆవిడని వెనక్కి పిలిపించండి. ఇంకో మాట. మీ తమ్ముడికి సెలవులు బోలెడున్నాయి. మీరు ఆయన్ని ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదో నాకు తెలియదు. ఆయన్ని నేను ఈ రాత్రే అడుగుతున్నాను.

ప్రతిమ

*

కాకినాడ,
అక్టోబరు 9, 2025.

ప్రతిమా,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. విమానం టైము రాశావనుకుని గుమ్మంలోనే నిలబడి చింపాను. చదివి, మడిచి, మళ్ళీ కవర్లో పెట్టి, దాని మీద ఎర్రసిరాతో రిఫ్యూజ్డ్ అని రాశాను. తెరిచి చదివిన ఉత్తరాన్ని వెనక్కి పంపే రూలు లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా రాశాను, నా కసి తీరడానికి.

నూకరత్నానికి కబురు పెట్టాను. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. "రానండమ్మగారూ. జగన్నాథపురంలో ఒప్పేసుకున్నానండి. మాటిచ్చాక మానేత్తే ఆళ్ళేం గావాలండి" అంది. నిమిషం కూడా పట్టలేదు. నా మొహం చూసి జాలిపడింది గానీ మాట మార్చలేదు. ఇంకెవరైనా దొరుకుతారేమోనని రెండు రోజులుగా చూస్తున్నాను. దొరికినవాళ్ళు నా కంటికి ఆనలేదు, ఆనినవాళ్ళు ఖాళీగా లేరు.

ఎల్లుండి హిమజని తణుకు తీసుకెళ్తున్నాను. కమలాదేవి నవ్వుతూ ఎదురొస్తుంది. నీకు ఇది చిన్న సంగతి కావచ్చు. మేడమీద ఆకుపచ్చ రంగు వాసన ఇంకా పోలేదు.

జవాబు రాయకు.

సావిత్రి

*

అల్ అజీజియా,
అక్టోబరు 24, 2025.

వదినగారికి,

రాయవద్దన్నారు. రాస్తున్నాను, ఎందుకంటే రాయకపోతే మళ్ళీ తలుపు తీయనిదాన్నే అవుతాను.

రానన్నందుకు నేను క్షమాపణ అడగడం లేదు. మిమ్మల్ని రెండు నెలలు గుమ్మంలో నిలబెట్టినందుకు అడుగుతున్నాను. తొలి పురుడు పుట్టింట్లో జరగకపోవడం నాకు చిన్న సంగతి కాదు. మీరు ఆ రంగు వేయించిన గది తలుచుకుంటే ఇక్కడ అన్నం సహించడం లేదు. మీరు ఎంత తిట్టినా పడతాను.

మీ తమ్ముడిని అడిగాను. "పురిటింట్లో మగాణ్ణి నేనేం చేస్తాను?" అన్నారు. గిన్నెలు తోమండి, మందులు తెండి, మీ అక్కని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి అన్నాను. ఊఁ అన్నారు. ఊఁ కాదు, వెళ్తారా వెళ్ళరా అని అడిగాను. ఇంత గట్టిగా ఆయన్ని ఎప్పుడూ అడిగినట్టు లేదు, బిత్తరపోయారు. నవంబరు మూడున బయల్దేరుతున్నారు, రెండు వారాలు ఉంటారు.

మీటింగు అయింది. కాంగ్ గారు లేచి, చేతులు కట్టుకుని, ఆ వాక్యం పూర్తిగా చెప్పారట. కన్సల్టెంట్లు "సరే, తర్వాతి అంశం" అన్నారట. ఇంతేనా అని ఆయనకే నమ్మకం కుదరక, మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి వాళ్ళకి నిజంగా కోపం రాలేదా అని అడిగారు. క్లాసులు ఏడాది పొడిగించారు. ఈ సంతోషం మీకు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా దాచడం ఇష్టం లేక రాశాను.

ప్రతిమ

*

తణుకు,
నవంబరు 18, 2025.

ప్రతిమకు,

అయిదో తారీఖున ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. పిల్లది నోరు తెరిస్తే నాకు మిషన్ లేకుండానే వినబడుతోంది.

నేను వియ్యపురాలి ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాను, చుట్టంలాగా. కమలాదేవి నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒకటి దొరికేది. ఆవిడే దగ్గరుండి అన్నీ చేస్తోంది, బాగా చేస్తోంది, అది ఇంకా కష్టంగా ఉంది. నాకు రోజూ కాఫీ చేతికి తెచ్చి ఇస్తుంది. కప్పు పట్టుకున్నప్పుడల్లా నా ఇల్లు గుర్తొస్తుంది.

తమ్ముడు వచ్చి రెండు వారాలున్నాడు. గిన్నెలు తోమడం రాదు వాడికి, అడుగు మాడు అలాగే వదిలేస్తాడు. కానీ తోమాడు. రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని కాగితం మీద రాసి నాతో మాట్లాడాడు. ఇన్నేళ్ళలో వాడితో ఇంత మాట్లాడింది లేదు.

నీ మీద నాకు కోపం తగ్గలేదు. అది దేనికో సరిగ్గా తెలుసుకో. నువ్వు రానన్నందుకు కాదు. ఈ మాట ఆగస్టులో రాసి ఉంటే నూకరత్నం నా ఇంట్లో ఉండేది, పిల్ల నా ఇంట్లో పుట్టేది. ఖర్జూరాలు తియ్యగా ఉన్నాయని తిన్నామే గానీ, వాటి వెనక ఏముందో నాకెలా తెలుస్తుంది? నాకు దెబ్బ తగిలిందే అక్కడ. ఇంకోసారి ఇలా చేస్తే నిజంగానే కవరు తెరవకుండా వెనక్కి పంపిస్తాను, నా చేత్తోనే.

ఫిబ్రవరిలో దోహా వచ్చి మీ దగ్గర మూడు నెలలు ఉందామనుకుంటున్నాను. నువ్వేం చెబుతావో చూస్తాను.

సావిత్రి

*

అల్ అజీజియా,
డిసెంబరు 3, 2025.

వదినా,

చిన్నదాని ఫోటో ఫ్రిజ్ మీద పెట్టాను. నుదురు అచ్చం మీదే.

ఫిబ్రవరిలో రావద్దు. ఆ నెల నాకు రెండు బ్యాచ్‌లకి పరీక్షలు, పొద్దున్నే వెళ్ళి దీపాలు పెట్టే వేళకి వస్తాను. మీరొక్కరే గోడలు చూస్తూ కూర్చుంటే మీకూ కోపం వస్తుంది, నాకూ వస్తుంది. రంజాన్ అయిపోయాక, మార్చి నెలాఖరుకి రండి. మూడు వారాలు ఉండండి. మూడు నెలలు వద్దు, మనిద్దరం కొట్టుకుంటాం.

ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను. మీకు కాంగ్ గారిని చూపిస్తాను, ఆయన మీ పోస్టాఫీసు కథ గోడ మీద రాసి పెట్టుకున్నారు.

ఈ ఉత్తరంతో ఖర్జూరాలు పంపడం లేదు.

మీ
ప్రతిమ